వాడేకొద్దీ మెరుగవుతున్న ఉత్ప్రేరకం: సంతోషించాలా, అనుమానించాలా?

నీటిబొట్టు · సోమవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. నేను రసాయన శాస్త్రంలో పరిశోధన విద్యార్థినిని, రెండో సంవత్సరం. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసేటప్పుడు కాథోడ్ మీద ప్లాటినానికి బదులు ఏ చవక లోహం పనికొస్తుందన్నది నా అంశం. ప్రస్తుతం నికెల్ ఫాస్ఫైడ్‌ను కార్బన్ కాగితం మీద పెంచి, అర మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పరీక్షిస్తున్నాను.

సమస్య ఏమిటంటే, ఫలితాలు మరీ బాగున్నాయి. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్లు రావడానికి మొదటి రోజు 182 మిల్లీవోల్టుల ఓవర్‌పొటెన్షియల్ పట్టింది. (ఈ మాట తెలియనివారికి: నీరు విడిపోవడానికి సిద్ధాంతం ప్రకారం కావలసిన వోల్టేజి మీద, చర్యను కదిలించడానికి మనం అదనంగా కట్టే సుంకం అది. ఎంత తక్కువైతే ఉత్ప్రేరకం అంత మంచిది.) 500 ఆవృతాల (వోల్టేజిని ఒకసారి పైకీ కిందికీ ఊపితే ఒక ఆవృతం) తర్వాత 131కి దిగింది. 2000 ఆవృతాల తర్వాత 74. టాఫెల్ వాలు, అంటే ప్రవాహం పది రెట్లు పెరగడానికి ఎన్ని మిల్లీవోల్టులు అదనంగా కావాలో చెప్పే అంకె, 81 నుంచి 39కి పడిపోయింది.

గైడు గారు చాలా సంతోషించారు, వ్యాసం రాయడం మొదలుపెట్టమన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. వాడేకొద్దీ బాగుపడిన వస్తువు నాకు తెలిసి మా అమ్మమ్మ ఇనుప పెనం ఒక్కటే.

మోల్‌లెక్క · సోమవారం, రాత్రి 10:31

ఒకే ప్రశ్న. కౌంటర్ ఎలక్ట్రోడ్ దేనితో చేసింది?

నీటిబొట్టు · సోమవారం, రాత్రి 10:33

ప్లాటినం తీగ అండి. మా ల్యాబులో మొదటి నుంచీ అదే.

మోల్‌లెక్క · సోమవారం, రాత్రి 10:58

అయితే దొంగ దొరికాడమ్మా.

మీ నికెల్ ఫాస్ఫైడ్ కాథోడ్‌గా పనిచేస్తున్నంత సేపూ ఎదురుగా ఉన్న ప్లాటినం తీగ యానోడ్‌గా ఉంటుంది. ప్లాటినం ఆమ్లంలో కరగదని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. బీకరులో ఊరికే పడేస్తే నిజమే. యానోడ్‌గా పెట్టి, వోల్టేజిని వేల సార్లు పైకీ కిందికీ ఊపితే మాత్రం దాని ఉపరితలం ఆక్సైడ్‌గా మారుతూ, తిరిగి లోహమవుతూ, ఆ మార్పులో కొన్ని పరమాణువులను ద్రావణంలోకి వదులుతుంది. అలా వదిలిన అయాన్లు ఎక్కడికి పోతాయి? మీ కాథోడ్ మీదికే. అక్కడ మళ్ళీ లోహంగా అతుక్కుంటాయి. హైడ్రోజన్ తీయడంలో ప్లాటినం ఎంత మొనగాడంటే, కంటికి కనిపించనంత పూత చాలు, మీ గ్రాఫు తారుమారు కావడానికి.

టాఫెల్ వాలు కూడా అదే చెబుతోంది. ఆమ్లంలో ప్లాటినం వాలు 30 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. మీది 81 నుంచి 39కి, అంటే అటువైపే నడుస్తోంది. ఉత్ప్రేరకం మెరుగైతే సాధారణంగా గ్రాఫు పక్కకు జరుగుతుంది. వాలే మారిందంటే చర్య జరిగే దారి మారిందన్నమాట, లేదా చర్య జరిపేది మారిందన్నమాట.

గ్రాఫైట్ కడ్డీ పెట్టి మొదటి నుంచి చేయండి. ప్లాటినం తీగను ఆ సెల్ దరిదాపులకు కూడా రానివ్వకండి.

గోదారిగట్టు · మంగళవారం, ఉదయం 6:20

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇక్కడ ఎక్కువగా చదివి ఊరుకుంటాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. గ్రాఫైట్ కడ్డీ కావాలంటే పాత టార్చిలైటు సెల్లు పగలగొడితే సరిపోదా? మా పిల్లలు విద్యుద్విశ్లేషణ ప్రయోగానికి అవే తెస్తారు. నా చిన్నప్పుడు మేమూ అంతే, చేతులంతా నల్లగా చేసుకుని ఇంట్లో తిట్లు తినేవాళ్ళం.

మోల్‌లెక్క · మంగళవారం, ఉదయం 7:05

మాస్టారూ, బడిలో ప్రయోగానికి అవి భేషుగ్గా పనికొస్తాయి. ఈ అమ్మాయి పనికి మాత్రం వద్దు. సెల్లులోని కడ్డీకి మైనం పట్టించి ఉంటుంది, పైగా దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడు, జింకు లవణాలు. ప్లాటినం దొంగను తరిమి జింకు దొంగను ఇంట్లో పెట్టుకున్నట్టు అవుతుంది. శుద్ధమైన గ్రాఫైట్ కడ్డీలు రసాయనాల దుకాణాల్లో దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు.

మీ ప్రయోగం గురించి ఒక మాట. నీళ్ళలో ఉప్పు వేయించకండి. ఉప్పు వేస్తే యానోడ్ దగ్గర ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ వస్తుంది. చాకలి సోడా వేస్తే ఆ బాధ లేదు.

గోదారిగట్టు · మంగళవారం, ఉదయం 7:12

ఇరవై ఏళ్ళుగా ఉప్పే వేయిస్తున్నాను. ఆ వాసన ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. ఈ వారమే మారుస్తాను.

యూనిట్లలెక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:40

నేను విద్యుత్ రంగంలో పనిచేస్తాను, రసాయనం అంతంత మాత్రం. చర్చ దారి తప్పుతుందేమో, అయినా అడుగుతాను. "చవక ఉత్ప్రేరకం" అని అందరూ అంటారు. చవక అంటే ఏది చవక? లోహమా, హైడ్రోజనా?

ఈ లెక్క చూడండి. కిలో హైడ్రోజన్ తీయడానికి సెల్ వోల్టేజిలో ఒక్కో వోల్టుకు 26.6 యూనిట్లు పడతాయి. ఇది ఫారడే నియమం, ఎవరి దయా దాక్షిణ్యాలతోనూ పని లేదు. కనీస వోల్టేజి 1.23 దగ్గర 32.7 యూనిట్లు. నిజమైన సెల్ 1.9 వోల్టుల దగ్గర నడుస్తుందనుకుంటే 50 యూనిట్ల పైమాట. అంటే 0.1 వోల్టు తేడాకు కిలోకు 2.66 యూనిట్లు. యూనిట్ 4 రూపాయలనుకుంటే పదిన్నర రూపాయలు.

రోజుకు 10 టన్నులు తీసే ప్లాంటులో ఆ 0.1 వోల్టు రోజుకు లక్ష రూపాయలు తింటుంది, ఏడాదికి దాదాపు 4 కోట్లు. ఎలక్ట్రోడ్ మీద లోహం చవకదని మురిసిపోయి 100 మిల్లీవోల్టులు ఎక్కువ కట్టడం, చవకగా వచ్చిందని పాత ఫ్రిజ్ కొని కరెంటు బిల్లు కట్టుకోవడం లాంటిదే.

కాస్టిక్‌తాతయ్య · మంగళవారం, రాత్రి 8:15

యూనిట్ల లెక్క గారు చెప్పినదే మా ప్లాంటులో గోడ మీద రాసి ఉండేది, వేరే మాటల్లో. నేను కాస్టిక్ సోడా పరిశ్రమలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఉప్పునీటిని విశ్లేషిస్తే ఒకవైపు క్లోరిన్, మరోవైపు కాస్టిక్, దానితో పాటు హైడ్రోజన్. మీరు ఇప్పుడు వెతుకుతున్న కాథోడ్ మాకు రోజువారీ సరుకు. నేను చేరిన కొత్తలో మెత్తని ఉక్కు కాథోడ్లు ఉండేవి. తర్వాత నికెల్ జాలీలు వచ్చాయి, వాటి మీద పూత.

కాగితాల మీద కనిపించని ఒక సంగతి చెబుతాను. ఉత్ప్రేరకాన్ని పాడుచేసేది నడపడం కాదు, ఆపడం. కరెంటు పోగానే సెల్ ఊరుకోదు. కాథోడ్ మీద హైడ్రోజన్, యానోడ్ వైపు క్లోరిన్ మిగిలి ఉంటాయి కదా, అది కాసేపు బ్యాటరీలా తిరగబడి, ప్రవాహం వెనక్కి నడుస్తుంది. కాథోడ్ కాస్తా యానోడ్ అవుతుంది. పూత కరుగుతుంది, రాలుతుంది. అందుకే ఆపినప్పుడల్లా చిన్న రెక్టిఫయరుతో కొంచెం ప్రవాహం ముందుకు పోయేలా పట్టి ఉంచేవాళ్ళం.

ఒక వానాకాలం రాత్రి సరఫరా పోయింది. ఆ చిన్న రెక్టిఫయరు కూడా పనిచేయలేదు, దాని బ్యాటరీలు ఎవరూ చూసుకోలేదు. నా షిఫ్టే. మర్నాడు మొదలుపెడితే ఒక వరుస సెల్లుల వోల్టేజి ఎక్కువ చూపించింది. ఆ తర్వాత మళ్ళీ ఎన్నడూ దిగలేదు. తప్పు నాదని పెద్దవాళ్ళు తేల్చారు. సరే, అది వేరే కథ.

ఇప్పుడు చెప్పండి, సూర్యరశ్మితో నడిచే ప్లాంటు రోజూ సాయంత్రం ఆగుతుంది. నీటిబొట్టు అమ్మా, నీ ఉత్ప్రేరకం రెండువేల ఆవృతాలు తట్టుకుందన్నావు. రెండువేల సాయంత్రాలు తట్టుకుంటుందా?

నీటిబొట్టు · మంగళవారం, రాత్రి 9:02

తాతయ్య గారూ, ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా సెమినారులో కూడా. రాసుకున్నాను.

మోల్‌లెక్క గారూ, గ్రాఫైట్ కడ్డీ ఆర్డరు పెట్టాను. ఈలోగా పాత ఎలక్ట్రోడ్‌ను ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్ కిరణాలతో ఉపరితలం మీది మూలకాలను గుర్తించే పరీక్ష) చూపిస్తే ప్లాటినం ఉందో లేదో తేలుతుందా?

తీరందాటి · మంగళవారం, రాత్రి 11:47

నేను జర్మనీలో ఎలక్ట్రోలైజర్ల (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలు) మీద పనిచేస్తాను. ఎక్స్‌పీఎస్ వద్దు, అది మిమ్మల్ని మోసం చేస్తుంది. ప్లాటినం 4ఎఫ్ శిఖరం 71 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, నికెల్ 3పీ దానికి కొంచెం కింద 67, 68 దగ్గర కూర్చుంటుంది. నికెల్ తోక కింద కొద్దిపాటి ప్లాటినం కనిపించదు. పూతను ద్రవరాజంలో (ప్లాటినాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమం) కరిగించి ఐసీపీ-ఎంఎస్‌కు (ద్రావణంలో లేశమాత్రం లోహాన్ని కూడా కొలిచే పరీక్ష) పంపండి. ప్రయోగం తర్వాత మిగిలిన ఆమ్లాన్ని కూడా పంపండి.

ఇప్పుడు కొంచెం కటువైన మాట, ఏమీ అనుకోకండి. ఆమ్ల ఎలక్ట్రోలైజర్‌లో అసలు చిక్కు కాథోడ్ ప్లాటినం కాదు, యానోడ్ ఇరిడియం. ఆక్సిజన్ వచ్చే వైపు ఆమ్లం, పైగా ఎక్కువ వోల్టేజి. అక్కడ నికెల్, ఇనుము, కోబాల్ట్ అన్నీ కరిగిపోతాయి. ఇరిడియం నిలుస్తుంది, కానీ ప్రపంచమంతా కలిపి ఏడాదికి తీసేది 7, 8 టన్నులు, అందులో అధిక భాగం దక్షిణాఫ్రికాదే. అది కూడా ప్లాటినం గనుల్లో ఉపఉత్పత్తి, ధర పెరిగిందని ఎక్కువ తవ్వలేరు. 2020 మొదట్లో ఔన్సు సుమారు 1,500 డాలర్లు ఉన్నది 2021లో 6,000 దాటింది.

చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల ఇరిడియం, 2 ఆంపియర్లు, దాదాపు 2 వోల్టులు అనుకోండి. గిగావాట్‌కు 500 కిలోలు అవుతుంది. భారత జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు అంటోంది. అందుకు సగం సమయమే నడిచే ఎలక్ట్రోలైజర్లు దాదాపు 60 గిగావాట్లు కావాలి. మొత్తం ఆమ్ల పద్ధతిలోనే కడితే 30 టన్నుల ఇరిడియం. ప్రపంచపు నాలుగేళ్ళ ఉత్పత్తి ఒక్క దేశానికి!

కాబట్టి ఆమ్లంలో కాథోడ్ ప్లాటినాన్ని మార్చడం, కప్పు కారుతుంటే గుమ్మానికి రంగు వేయడమే. ఆమ్లం వదిలి క్షారంలోకి మారడం మంచిది.

మోల్‌లెక్క · బుధవారం, ఉదయం 6:50

తీరందాటి గారి లెక్క సరైనదే, పోలిక మాత్రం అన్యాయం. మాలిబ్డినం సల్ఫైడ్ కథే చూడండి. ఇంజన్లలో గ్రీజుకు కలిపే నల్ల పొడి అది. పెద్ద ముద్దగా పెడితే హైడ్రోజన్‌కు ఎందుకూ పనికిరాదు. హైడ్రోజన్‌తో పనిచేసే ఎంజైముల నిర్మాణం చూసిన డెన్మార్క్ బృందం 2005లో లెక్క కట్టి, ఈ పొరల మధ్యభాగం మొద్దు, అంచులు మాత్రం చురుకు అని చెప్పింది. 2007లో ప్రయోగంలో అదే తేలింది: చర్య విస్తీర్ణంతో కాదు, అంచు పొడవుతో పెరుగుతోంది. అప్పటినుంచి అందరి పనీ అంచులు పెంచడమే. నికెల్ ఫాస్ఫైడ్ 2013లో వచ్చింది, అదీ ఇలాంటి సైద్ధాంతిక ఊహ నుంచే. ఆమ్లంలో నేర్చుకున్నది ఆమ్లంలోనే ఆగిపోదు.

అయితే క్షారంలోకి మారడం మంచిదన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. అక్కడ రెండు వైపులా చవక లోహాలే నిలుస్తాయి. ఇబ్బంది ఒకటే: క్షారంలో హైడ్రోజన్ అయాన్లు సిద్ధంగా ఉండవు, ముందు నీటి అణువునే విరగ్గొట్టాలి. అందుకే ప్లాటినం కూడా అక్కడ చాలా మందగిస్తుంది. పోటీ కొంచెం సమం అవుతుంది.

పాతకాగితం · బుధవారం, ఉదయం 10:25

క్షారంలో చవక లోహాలతో హైడ్రోజన్ తీయడం మనకు కొత్త కాదు. పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారంలో 1960లలో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో అమోనియా చేశారు. దేశంలో తొలి భారజలం కూడా అక్కడే తీశారు. నార్వేలో వెమోర్క్ అంతకు ముందే, 1920ల చివరలో. వీటిలో ఎక్కడా ఇరిడియం లేదు. ఆ తర్వాత సహజవాయువు, నాఫ్తా చవకయ్యాయి, ఆ దారి మూతపడింది. ఇప్పుడు మళ్ళీ తెరుస్తూ కొత్త రోడ్డు వేస్తున్నామంటున్నాం. విశాఖ దగ్గర పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ ఏ రకం సెల్లులు పెడతారన్నది గమనించాలి.

బైక్‌మిత్ర · బుధవారం, మధ్యాహ్నం 12:08

మీరందరూ పెద్ద పెద్ద లెక్కలు చెబుతున్నారు. నేను స్టీలు గ్లాసులు, కాస్టిక్ సోడాతో చిన్న కిట్ చేసి మోటారు సైకిలుకు బిగించాలనుకుంటున్నాను. బ్యాటరీ నుంచి కరెంటు, వచ్చే వాయువు ఇంజనులోకి. వీడియోల్లో మైలేజి రెట్టింపు అంటున్నారు. మంచి చవక ఉత్ప్రేరకం చెప్పండి.

యూనిట్లలెక్క · బుధవారం, మధ్యాహ్నం 12:30

బ్యాటరీలోకి కరెంటు ఎక్కడిది బాబూ? ఇంజను తిప్పితే వచ్చిందే. పెట్రోలులో నాలుగో వంతు శక్తిని ఇంజను వాడుకుంటుంది. అందులో ఆల్టర్నేటరు 60 శాతం కరెంటు చేస్తుంది, అందులో మీ గ్లాసులు మహా అయితే 60 శాతం హైడ్రోజన్ చేస్తాయి. మిగిలేది 9 శాతం. దాన్ని మళ్ళీ ఇంజనులో కాలిస్తే నాలుగో వంతే చేతికి వస్తుంది. వంద రూపాయలు ఇచ్చి రెండు రూపాయల చిల్లర తెచ్చుకోవడం ఇది. ఏ ఉత్ప్రేరకమూ దీన్ని మార్చలేదు.

కాస్టిక్‌తాతయ్య · బుధవారం, మధ్యాహ్నం 2:10

లెక్క సంగతి అటుంచి, ఆ పని చేయకు నాయనా. స్టెయిన్‌లెస్ స్టీలును కాస్టిక్‌లో యానోడ్‌గా పెడితే అందులోని క్రోమియం కరిగి నీళ్ళు పసుపు పచ్చగా మారతాయి. అది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. పైగా నీ గ్లాసుల్లో రెండు వాయువులూ కలిసే వస్తాయి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా అంటుకుంటుంది. ఇక్కడ నేరుగా ఆక్సిజన్‌తోనే కలుపుతున్నావు. కాళ్ళ మధ్య బాంబు పెట్టుకుని బండి నడుపుతావా?

నిర్వాహకులు · బుధవారం, మధ్యాహ్నం 2:45

వాహనాల కిట్ల మీద ఇక్కడితో ఆపుదాం. అసలు విషయానికి రండి.

నీటిబొట్టు · తర్వాతి వారం శుక్రవారం, రాత్రి 9:36

గ్రాఫైట్ కడ్డీ, కొత్త సెల్, కొత్త ఆమ్లం, కొత్త ఎలక్ట్రోడ్లు మూడు. ఫలితం: మొదట 179, 184, 181 మిల్లీవోల్టులు. 2000 ఆవృతాల తర్వాత 196, 203, 194. వాలు కదలలేదు. అంటే నా ఉత్ప్రేరకం అన్నింటిలాగే నెమ్మదిగా పాతబడుతోంది. ఐసీపీ నివేదిక కూడా వచ్చింది, పాత ఎలక్ట్రోడ్ మీద ప్లాటినం ఉంది.

గైడు గారికి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇదే తీగతో మన ల్యాబు నుంచి ఇంతకు ముందు వెళ్ళిన పనులన్నీ తీసి చూడాలన్నారు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఒక రోజు ఏడ్చాను. దాచడం ఎందుకు?

ఇక రెండో సంగతి, దీనికోసమే మళ్ళీ రాస్తున్నాను. మీ మాట విని క్షారం వైపు కూడా మొదలుపెట్టాను. ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడులో నికెల్ హైడ్రాక్సైడును యానోడ్‌గా పెట్టి ఆక్సిజన్ వైపు చూస్తున్నాను. ప్లాటినం ఎక్కడా లేదు, కౌంటర్ గ్రాఫైటే. అయినా ఇది రోజురోజుకూ మెరుగవుతోంది! మళ్ళీ దొంగేనా?

తీరందాటి · శుక్రవారం, రాత్రి 11:20

మళ్ళీ దొంగే. కానీ ఈసారి చుట్టం లాంటి దొంగ: ఇనుము. మీ పొటాషియం హైడ్రాక్సైడు సీసాలోనే ఉంది, లక్షల్లో ఒక వంతు లెక్కన. నికెల్ హైడ్రాక్సైడు దాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. ద్రావణంలోని ఇనుము నికెల్ యానోడ్ మీద ఆక్సిజన్‌ను సులువు చేస్తుందని 1987లోనే కొరిగన్ చూపించాడు. 2014లో అమెరికాలోని ఆరెగాన్ బృందం ఇనుమును పూర్తిగా తీసేసి చూస్తే, దశాబ్దాలుగా అందరూ మెచ్చుకున్న నికెల్ హైడ్రాక్సైడు నిజానికి చాలా నాసిరకం ఉత్ప్రేరకమని బయటపడింది. పేరు నికెల్‌ది, ఇనుము లేనిదే పని లేదు. ఇవాళ క్షారంలో ఆక్సిజన్ వైపు నికెల్-ఇనుము హైడ్రాక్సైడును మించిన చవక ఉత్ప్రేరకాలు బహు కొద్ది.

తేల్చుకోవాలంటే: శుద్ధమైన నికెల్ హైడ్రాక్సైడు పొడిని మీ క్షారంలో కలిపి, కుదిపి, తేర్చి తీయండి. ఇనుమును అదే లాగేస్తుంది. ఆ క్షారంలో మళ్ళీ కొలవండి. గాజు బీకరు వాడకండి, క్షారం గాజును తిని మలినాలను వదులుతుంది. ప్లాస్టిక్ సెల్ వాడండి.

కాస్టిక్‌తాతయ్య · శనివారం, ఉదయం 5:50

ఆగండి ఆగండి. యానోడ్‌కు చుట్టం సరే, కాథోడ్‌కు అదే ఇనుము శని. మా ప్లాంటులో కాస్టిక్‌లో ఇనుము కాస్త పెరిగితే చాలు, అది పోయి కాథోడ్ పూత మీద పేరుకుని చురుకును కప్పేసేది. పైపు ఎక్కడ తుప్పు పట్టిందా అని వెతుక్కుంటూ తిరిగేవాళ్ళం. మీరు చెప్పే సెల్‌లో రెండు వైపులకూ ఒకే క్షారం కదా తిరిగేది? యానోడ్ కోసం ఇనుము వేస్తే కాథోడ్ గతి ఏమిటి?

తీరందాటి · శనివారం, మధ్యాహ్నం 1:15

సరైన చోట పట్టుకున్నారు తాతయ్య గారూ. యానోడ్ మీది ఇనుము కూడా అక్కడే ఉండదు, కొంచెం కొంచెం కరిగి బయటికి వస్తూ ఉంటుంది, మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. ద్రావణంలో కొంత ఇనుము ఉంటేనే యానోడ్ నిలకడ. ఆ కొంతను కాథోడ్ ఎంతవరకు భరిస్తుందన్నది కాథోడ్ లోహాన్ని బట్టి ఉంటుంది. ఉత్త నికెల్ కాథోడ్‌కు కొద్దిపాటి ఇనుము పెద్ద నష్టం కాదు, పూత ఉన్నవాటికి నష్టం.

నీటిబొట్టు · శనివారం, సాయంత్రం 6:40

అయితే నా ప్రశ్న మారిపోయింది. ఇనుము తెలిసి తెలిసి వేసిన క్షారంలో, రోజూ సాయంత్రం ఆపి ఉదయం మొదలుపెడితే, నికెల్-మాలిబ్డినం కాథోడ్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇనుము లక్షకు ఎంత వంతు నుంచి మొదలుపెట్టాలి? గైడు గారు సోమవారం కూర్చుందామన్నారు.

తాతయ్య గారూ, మీ ప్లాంటులో ఇనుము ఎంత దాటితే వెతుకులాట మొదలుపెట్టేవాళ్ళు? అంకె గుర్తుందా?

కాస్టిక్‌తాతయ్య · శనివారం, రాత్రి 7:25

గుర్తు మీద చెప్పను, తప్పు చెబితే నీ మూడు నెలలు పోతాయి. నా పాత షిఫ్టు డైరీలు అటక మీద ఉన్నాయి. రేపు మనవడిని ఎక్కించి దింపిస్తాను.